మా వీధి సున్నా

మలేరియాను తరిమెయ్యడానికి మందుకన్నా సుద్దముక్క మేలు! నవ్వకండి. ఐదో తరగతి దాటని ముసలిదాన్నే, కానీ కళ్ళారా చూసి చెబుతున్నాను.

మా ఆరోగ్య కేంద్రం గోడకు ఒక నల్లబోర్డు ఉంది. ఏ వీధిలో ఎన్ని మలేరియా కేసులో నర్సమ్మ వారం వారం రాస్తుంది. పోయినేడు ఇదే రోజుల్లో మా వీధి ఎదురుగా నలభై రెండు. ఈ ఏడు సున్నా పడింది! పన్నెండు వారాలు సున్నా నిలబడితే వీధి మొదట్లో 'మలేరియా లేని వీధి' అని పచ్చబోర్డు పెడతారట. పెళ్ళికూతుర్ని చూసుకున్నట్టు ఆ సున్నాను చూసుకున్నాం.

ఇందులో నా సేవ తక్కువా? ఇంటికో దోమతెర ఇచ్చారు. నాది కవరు చింపకుండా ట్రంకుపెట్టెలో దాచాను. కడితే మాసిపోదూ? తనిఖీకి వచ్చినాయన "భేష్ పెద్దమ్మా, ఎంత శుభ్రంగా ఉంచావు!" అని టిక్కు పెట్టుకుపోయాడు. తెర పెట్టెలో, నేను మంచం మీద, దోమ నా మీద. ఎవరి చోట్లో వాళ్ళం!

ఏడో వారం నాకు చలిజ్వరం పట్టుకుంది. రెండు దుప్పట్ల కింద పళ్ళు టకటకలాడుతుంటే గుమ్మంలో నర్సమ్మ.

"జ్వరాలేమైనా ఉన్నాయా మామ్మా?"

"మా ఇంట్లోనా? గుండ్రాయిలా ఉన్నా!"

"మరి వణుకుతున్నావే?"

"వయసు తల్లీ. నీకూ వస్తుందిలే."

నా ఒక్క ఒంటికోసం వీధి పరువు తీస్తానా?

పదకొండో వారం, నా పక్కలో పడుకునే ఏడేళ్ళ మనవరాలికి జ్వరం. ఒళ్ళు పెనంలా కాలుతోంది. నన్ను చూసి "నువ్వెవరు?" అంది. అంతే, సున్నా లేదు, పరువు లేదు. చంకనేసుకుని పరుగెత్తాను, ఈ మోకాళ్ళతోనే!

నర్సమ్మ డబ్బా అడుగు తడిమి ఒక్క కిట్టు తీసింది. వేలికి సూది గుచ్చింది. మలేరియానే. మాత్ర మింగించింది.

"నన్నూ రాసుకో తల్లీ," అని ఏడ్చాను. "ముందొచ్చింది నాకే. దాచాను. ఇప్పటికీ వచ్చిపోతోంది."

"ఎలా రాయను మామ్మా? కిట్టు ఉంటేనే పరీక్ష, పరీక్ష ఉంటేనే కేసు. చంటిపిల్లల కోసం దాచిన ఆఖరుది ఇదే. కిట్లు రాక పదకొండు వారాలైంది."

పదకొండు వారాలు! వేళ్ళు మడిచి చూసుకున్నాను. మా సున్నా వయసూ అంతే. నేను నిజం చెప్పినా అది చెక్కుచెదరేది కాదన్నమాట. అంత కష్టపడి ఆడిన అబద్ధం దండగైపోయింది!

మూడోరోజుకు పిల్ల లేచి కూర్చుంది. నన్ను గుర్తుపట్టింది, తిట్టింది కూడా. "నాన్నమ్మా, దోమలు పెట్టెను కుడతాయా?" తెర కట్టేదాకా ఊరుకోలేదు.

బోర్డు మీద ఇప్పుడు మా వీధికి ఒకటి. వీధివీధంతా మా గుమ్మంకేసి గుర్రుగా చూస్తోంది.

అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి, రాస్తుంటే చెయ్యి వణుకుతోంది. కంగారు పడకండి. బోర్డు ప్రకారం నాకేమీ లేదు.