ఆ రోజు అడిగితే (ఎవరికి?) ఇచ్చాను

మనుషులు మాట్లాడతారని లోకం అనుకుంటుంది. నేనొప్పుకోను. మనుషులు సగమే మాట్లాడతారు. మిగతా సగం నేను మాట్లాడతాను.

నేనెవరినంటారా? ఒక దినపత్రిక డెస్కులో ఇరవయ్యారేళ్లుగా ఒకే కుర్చీ అరగదీస్తున్న సబ్ ఎడిటర్ని. పొద్దున్నే టీ తాగుతూ మీరు చదివే వార్తల్లో ఎవరో ఏదో అన్నారని కొటేషన్ గుర్తుల మధ్య రాసి ఉంటుంది చూశారూ, అందులో అక్కడక్కడ బ్రాకెట్లు కనిపిస్తాయి. ఆ బ్రాకెట్లలోని మాటలు వాళ్లవి కావు, నావి. నా పేరు ఏనాడూ అచ్చులో పడలేదు గానీ, ఈ ఊళ్లో పేపర్లో నా అంత మాట్లాడిన మనిషి ఇంకొకడు లేడు.

బ్రాకెట్ లేకపోతే మీ గతేమయ్యేదో ఎప్పుడైనా ఆలోచించారా? "వాళ్లు మొన్న కూడా రాలేదు, అది అలాగే పొంగుతోంది" అని ఒక వీధిలో ఒకావిడ చెబుతుంది. ఎవరు రాలేదు? ఏది పొంగుతోంది? పాలా? "వాళ్లు (మరమ్మతు సిబ్బంది) మొన్న కూడా రాలేదు, అది (మురుగు కాలువ) అలాగే పొంగుతోంది" అని నేను దిద్దాకే కదా, ముక్కు మూసుకోవాలని మీకు తెలిసింది!

మన ఫుట్‌బాల్ జట్టు కోచ్ సంగతి తీసుకోండి. ఏడు గోల్స్ తేడాతో ఓడిన రోజు మైకు పెడితే ఆయన అన్నది ఇదీ: "ఆడాం. ఓడాం. ఏం చెప్పమంటారు?" దీన్ని ఎంత పెద్ద అక్షరాల్లో వేసినా ఒక కాలమ్ నిండదు. నేను కూర్చుని, "(శక్తివంచన లేకుండా) ఆడాం. (దురదృష్టవశాత్తు) ఓడాం. (అభిమానులకు ఇంతకుమించి) ఏం చెప్పమంటారు?" అని దిద్దాను. ఆ పేపరు చూసి కోచ్ తనే తడి కళ్లు తుడుచుకున్నాడట. తనకు అంత బాధ కలిగిందని అప్పటిదాకా ఆయనకు తెలీదు.

ఇక పెద్దవాళ్ల ప్రసంగాలు. ఒక నాయకుడు సమావేశంలో తన కింద పనిచేసేవాళ్లను పావుగంట సేపు జంతువుల పేర్లతో పిలిచాడు. మర్నాటికి ఆయన "ఈ (సిబ్బంది) అందరినీ (బదిలీ చేస్తాను)" అన్నాడు. అంత సంస్కారం ఆ నోట్లో పోసిందెవరు? నేను. పెద్దవాళ్ల మాటకు బ్రాకెట్ మెత్తని దిండులాంటిది. చిన్నవాళ్ల మాటకు ఏమవుతుందో తర్వాత చెబుతాను.

ఇదంతా నేను చదువుకున్న పల్లెటూరి బడి పెట్టిన భిక్ష. అక్కడ పరీక్షంటే ఖాళీలు పూరించడమే. వాక్యం మధ్యలో ఒక గీత ఉండేది, దాని మీద ఏదో ఒక మాట రాయాలి. తప్పు రాస్తే మార్కు పోయేది. ఖాళీగా వదిలేస్తే వేళ్ల మీద స్కేలు పడేది. తప్పుకంటే ఖాళీయే పెద్ద నేరమని పదేళ్ల వయసుకే నా వేళ్లకు అర్థమైపోయింది. ఆ వేళ్లతోనే ఇప్పటికీ టైపు చేస్తున్నాను.

ఇంట్లోనూ ఇదే విద్య. మా ఆవిడది అరమాటల స్వభావం. ఒక రోజు ఫోన్ చేసి, వచ్చేటప్పుడు అది తీసుకురండి, నిన్నటి నుంచి లేక చచ్చిపోతున్నా అంది. నేను మనసులోనే (ఉప్పు) అని పూరించుకుని రెండు ప్యాకెట్లు పట్టుకెళ్లాను. ఆవిడ తెమ్మన్నది రిపేరుకిచ్చిన కళ్లజోడు. ఆ ప్యాకెట్లు చేత్తో తడిమి చూసి, "ఒక్క మాట అడిగితే నోరేమైనా అరిగిపోతుందా?" అంది. నేను నవ్వి ఆ ఉప్పు డబ్బాలో పోశాను. డెస్కు మనిషి అడగడు. అడగడం విలేఖరి పని, పూరించడం నా పని.

అలాంటి బ్రాకెట్‌కి ఈ మధ్య ఒక ముసలాయన చెడ్డపేరు తెచ్చిపెట్టాడు. సంగతి మీ ముందు పెట్టి న్యాయం అడుగుదామనే ఈ రాత.

మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే ఊరి గడియార స్తంభం కనిపిస్తుంది. దానికి వారానికి రెండుసార్లు కీ ఇచ్చే పెద్దాయన్ని అందరూ గడియారం తాత అంటారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ డెబ్భై రెండు మెట్లూ ఎక్కేదీ ఆయనే, దిగేదీ ఆయనే. కింది తలుపు తాళంచెవిని ఒక నూలుతాడుతో చొక్కా గుండీకి కట్టుకుని తిరుగుతాడు.

కిందటి నెల ఒక బుధవారం ఆ గడియారం ఉన్నట్టుండి నలభై నిమిషాలు ముందుకు దూకింది. చేతుల్లో ఫోన్లున్నా మా ఊరు నమ్మేది దాన్నే. బడి ముందే వదిలేశారు. బ్యాంకు షట్టరు దించేశారు. బస్సు డ్రైవరు ప్రయాణికులు రాకముందే ఖాళీ బస్సు తీసుకుని, ఎంతో క్రమశిక్షణగా వెళ్లిపోయాడు.

మా విలేఖరి తాత దగ్గరకెళ్లి ఏం జరిగిందని అడిగాడు. తాత చెప్పినవి రెండే ముక్కలు: "తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఆ రోజు అడిగితే ఇచ్చాను."

ఎవరికి? అది చెప్పలేదు. విలేఖరి రెట్టించలేదు. అతనికి ఇంకో మూడు వార్తలున్నాయి.

విలేఖరి రాసిన కాపీ నా ముందుకొచ్చేసరికి సాయంత్రం అయిదు. పేజీ ఆరింటికి అచ్చుకు వెళ్లిపోవాలి. మా డెస్కు చీఫ్ నా భుజం మీదుగా తొంగిచూసి, "ఎవరికిచ్చాడయ్యా? చదివేవాడు అడగడూ?" అన్నాడు. నిజమే, చదివేవాడు అడుగుతాడు. అదే వార్త చివర్లో, ఆ వారం స్తంభానికి రంగులు వేస్తున్నారని ఒక వాక్యం ఉంది. ఇంకేం కావాలి? మూడు సెకన్లు పట్టింది. "ఆ రోజు అడిగితే (రంగులు వేసేవాళ్లకు) ఇచ్చాను." ఖాళీ నిండింది. నా వేళ్లు చల్లబడ్డాయి. లేచి టీ తాగాను.

తాత ఫోన్ నంబరు విలేఖరి కాపీ పైనే రాసి ఉంది. ఆ సంగతి ఇప్పుడెందుకు లెండి.

మూడో రోజు తాత మా ఆఫీసుకొచ్చాడు. చేతిలో మా పేపరు ముక్క, నాలుగు మడతలుగా. కూర్చోమంటే కూర్చోలేదు. ముందు మా గోడ గడియారం కేసి చూసి, అది ఆరు నిమిషాలు వెనకుందన్నాడు. తర్వాత వచ్చిన పని చెప్పాడు. మున్సిపల్ ఇంజనీరు గారు ఈ ముక్క పట్టుకుని, బయటివాళ్లకు తాళంచెవి ఇచ్చానని నువ్వే పేపర్లో ఒప్పుకున్నావు కదా అని, తాళంచెవి లాగేసుకున్నారట. స్తంభం మెట్లెక్కొద్దన్నారట. పదిహేనో తారీకున విచారణట. ఆయన చొక్కా గుండీకి వట్టి తాడు వేలాడుతోంది.

నేను తగ్గుతానా? బ్రాకెట్ గొప్పతనం మొదటి నుంచి వివరించాను. అందులో ఉన్నది నీ మాట కాదని నాలుగక్షరాలు వచ్చిన ప్రతివాడికీ తెలుసు తాతా, ఇంతకంటే నిజాయితీ ఇంకెక్కడుంటుంది అన్నాను.

తాత చివరిదాకా విన్నాడు.

"నాకు చదువు రాదు బాబూ. మా మనవరాలు చదివి వినిపించింది. మీరు చెప్పే ఆ గీతలు నాకు వినపడలేదు. ఇంజనీరు గారు అందరి ముందూ పైకి చదివినప్పుడూ వినపడలేదు."

పైకి చదివితే బ్రాకెట్‌కి చప్పుడుండదన్న సంగతి మా డెస్కులో ఎవరూ ఏనాడూ గమనించలేదు. మేము రాసింది మేము పైకి చదువుకోం కదా!

పోనీ, ఎవరికిచ్చావో ఇప్పుడైనా చెప్పు, దిద్దుబాటు వేసేస్తాం అన్నాను. పెన్ను మూత కూడా తీశాను.

తాత ఆ వట్టి తాడు వేలికి చుట్టుకున్నాడు.

"చెప్పేదే అయితే ఆ రోజే చెప్పేవాణ్ణి. ఆయన నాకు పైవాడు. ఆయన పేరు పేపర్లోకెందుకులే అని ఊరుకున్నా. నేనన్నది ఉంచండి. అననిది తీసెయ్యండి. అంతే."

తాతకు పైవాడు ఈ ఊళ్లో ఒక్కడే. ఆ స్తంభం, ఆ తాళం, ఆ తాత ఎవరి కింద ఉంటాయో మా గుమ్మం దగ్గర నిలబడ్డ అటెండరుకి కూడా తెలుసు. అతను నా మొహం చూసి తల తిప్పుకున్నాడు. నేను ఖాళీ అనుకున్న చోట తాత ఒక మనిషిని కూర్చోబెట్టి, మర్యాదగా తలుపేసి వచ్చాడు. నేను వెళ్లి ఆ మనిషిని పక్కకు జరిపి, రంగు డబ్బా పట్టుకున్న ఇంకెవణ్ణో కూర్చోబెట్టాను. ఎవరి పరువు కోసం తాత నోరు మూసుకున్నాడో, ఆ పెద్దమనిషే నా బ్రాకెట్ పట్టుకుని తాత తాళంచెవి పట్టుకుపోయాడు.

దిద్దుబాటు వేద్దామంటే చీఫ్ ఒప్పుకోలేదు. ఉన్న మాట తీసేస్తే, ఎవరికన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుందన్నాడు. అసలు పేరు వేద్దామంటే సాక్ష్యమేదన్నాడు. "అధికారులకు అని పెట్టు. సంబంధిత వ్యక్తులకు అని పెట్టు. బ్రాకెట్లో ఏదో ఒకటి పెట్టి పంపించెయ్" అని మీటింగుకి లేచి వెళ్లిపోయాడు.

ఏదో ఒకటి! నా ఉద్యోగమంతా ఆ రెండు మాటల మీదే నడిచింది. ఆ రోజు మాత్రం కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. స్కేలు పడుతుందేమోనని నిజంగానే చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది.

మర్నాడు తొమ్మిదో పేజీ అడుగున ఇలా వచ్చింది: "దిద్దుబాటు. గడియార స్తంభం వార్తలో సంరక్షకుడు అన్న మాటలు ఇవి: 'తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఆ రోజు అడిగితే (          ) ఇచ్చాను.' రంగులు వేసేవాళ్లకు అని ఆయన అనలేదు. అది మా డెస్కులో చేర్చిన మాట."

తొమ్మిదో పేజీ అడుగు ఎవడు చదువుతాడులే అనుకున్నాను. ఊరంతా చదివింది. ఖాళీ చూస్తే ఊరుకోలేని జబ్బు నాకొక్కడికే ఉందనుకున్నాను గానీ, అందరూ నా బడిలోనే చదివినట్టున్నారు. క్షౌరశాలలో పూరించారు. బస్టాండులో పూరించారు. ఎవరో పెన్సిలుతో శుభ్రంగా పూరించి, ఆ ముక్కను మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డుకే అంటించి పోయారు.

పదకొండింటికి డెస్కు ఫోన్ మోగింది. ఇంజనీరు గారు.

"ఏమండీ, ఆ ఖాళీలో ఉన్నది నేనని రాస్తారా?"

అందులో ఏమీ రాయలేదండీ, ఖాళీగానే ఉందండీ అన్నాను.

"నాకు తెలీదా? అతిథులొస్తే పైనుంచి ఊరు చూపిద్దామని అతని దగ్గర తాళంచెవి తీసుకున్నాను. వాళ్లలో ఒకాయన సరదాపడి ముల్లు తిప్పితే నేనేం చెయ్యను? సాయంత్రానికల్లా తిరిగిచ్చేశాను కూడా. ఇందులో నా తప్పేముంది? కావాలంటే రాసుకోండి."

రాసుకున్నాను. ఎవరు, ఎవరి దగ్గర, ఎందుకు, ఎప్పుడు, అన్నీ ఉన్నాయి. ఒక్క బ్రాకెట్ కూడా అక్కర్లేని మాట వినడం నా సర్వీసులో అదే మొదటిసారి. పైకి చదివి వినిపించి, ఇవి మీ మాటలేనా అండీ అని కూడా అడిగాను. అవునన్నారు, కోపంగానే. అలా ఒకర్ని అడగడం కూడా నాకదే మొదటిసారి.

ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు పేపర్లో వచ్చాక, పదిహేనో తారీకు విచారణ అయిదు నిమిషాల్లో ముగిసింది. తాళంచెవి తాత తాడుకి చేరింది. ఇన్నాళ్లూ కీ ఇచ్చే దిక్కులేక నాలుగుంబావు దగ్గర ఆగిపోయిన గడియారం మళ్లీ నడుస్తోంది. మా చీఫ్ మాత్రం ఆ ఖాళీ సాంకేతిక లోపమని రిజిస్టర్లో రాయించాడు. పాపం, ఆయనా ఖాళీ చూస్తే ఊరుకోలేడు.

కాబట్టి మీరేమైనా అనండి, బ్రాకెట్ వరమే. ఇన్నేళ్లలో నేను పెట్టిన వేల బ్రాకెట్లలో జనం మెచ్చింది ఒక్కటుంది. అందులో నా మాట లేకపోవడం ఒక చిన్న లోపం, అంతే.

నిన్న ఆ పాత కాపీ తీసి, పైనున్న నంబరుకి ఫోన్ చేశాను. తాత రెండో రింగుకే ఎత్తాడు. ఒక్క మాట అడగాలనుంది, ఆ రోజు నేను ఫోన్ చేసి ఉంటే ఎవరికిచ్చారో చెప్పేవారా అన్నాను.

"చెప్పేవాణ్ణి కాదు బాబూ" అన్నాడు తాత. "రంగులేసేవాళ్లకి కాదని మాత్రం చెప్పేవాణ్ణి."

ఫోన్ పెట్టేసి కిటికీలోంచి గడియారం చూశాను. ఆ ఒక్క మాట అడగడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.