యజమాని కంప్రెషన్

పాత కారు ఇంజన్‌కు కంప్రెషన్ పరీక్ష చేసిన గేజితోనే యజమానికీ పరీక్ష చేసి, ఇద్దరిలో ఎవరి అంకె ఎక్కువైతే వారి పేరిట బండి పత్రాలు రాయాలన్న నిబంధన మా ఊరి రవాణా కార్యాలయంలో ఆరేళ్ళుగా అమలులో ఉంది. ఇప్పటికి పదకొండు కార్లూ ఒక జీపూ తమకు తామే యజమానులయ్యాయి. జనం పెద్దగా పట్టించుకోలేదు. ఫారం మాత్రం ముచ్చటగా ఉంటుంది. ఎడమవైపు ఇంజన్‌కు నాలుగు గళ్ళు, కుడివైపు మనిషికి నాలుగు గళ్ళు.

మొన్న మంగళవారం చిర్రావూరి పట్టాభి వంతు వచ్చింది. ఆయన పాల సహకార సంఘంలో గుమాస్తా. ఆయన ఆకుపచ్చ అంబాసిడర్ 1966 నాటిది, తండ్రి నడిపిన కారు. స్టీరింగ్ మీద తండ్రి చేతులు పట్టుకున్న చోట ఇప్పటికీ నునుపుగా ఉంటుంది. పట్టాభి అక్కడే పట్టుకుంటాడు. ఆ కారు తన పేరిట లేకుండా పోతే ఎలాగని వారం రోజులుగా ఆయనకు అన్నం సయించలేదు.

పరీక్ష యజమానే స్వయంగా చెయ్యాలి. పట్టాభి జన్మలో బానెట్ ఎత్తి ఎరుగడు. పరీక్ష పద్ధతి రాసిన కరపత్రం భార్య శేషారత్నం చదువుతూ ఉంటే, ఇంజన్ వేడెక్కనిచ్చి, కాయిల్ వైరు పీకి, నాలుగు ప్లగ్గులూ విప్పి వరసగా తువ్వాలు మీద పెట్టాడు. ఆమె గేజి రబ్బరు మూతిని మొదటి ప్లగ్గు కన్నంలో అదిమి పట్టింది. ఆయన లోపల కూర్చుని తాళం తిప్పాడు. ముల్లు నలభై దగ్గర ఆగింది.

బ్రేకు ఇన్‌స్పెక్టరు మరీదు సత్తిబాబు కిటికీలోంచి తొంగి చూశాడు. "యాక్సిలేటరు తొక్కలేదేటండీ? గాలి లోపలికెళ్ళందే ఏం నొక్కుద్దండి అది? కిందదాకా తొక్కండి."

"నలభై చాలండీ. మాట్లాడకుండా ఊరుకోండి" అంది శేషారత్నం, రెండో కిటికీ దగ్గరికి వచ్చి, భర్తకు మాత్రమే వినపడేలా.

కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటే అది. దాన్ని అలాగే వదిలేస్తే పట్టాభికి లాభం. కానీ ఎదురుగా అధికారి నిలబడి ఉన్నాడు. "అలాగేనండీ" అని ఆయన కిందదాకా తొక్కాడు. నూట పద్దెనిమిది, నూట ఇరవై, నూట పదిహేడు, నూట పంతొమ్మిది. అరవై ఏళ్ళ ఇంజన్‌కు ఇది మంచి ఆరోగ్యమని సత్తిబాబు మెచ్చుకున్నాడు.

తరువాత పట్టాభిని బల్ల మీద కూర్చోబెట్టి గేజి గొట్టం నోటి దగ్గర పెట్టారు. ఇన్‌స్పెక్టరు నాలుగు మాటలు చదువుతాడు. ప్రతిదానికీ మనిషి "కుదరదు" అనాలి. అంతే.

"మీ ప్రమోషను మీ తరవాత చేరినాయనకి ఇచ్చేశామండి."

"కుదరదేమోనండీ" అన్నాడు పట్టాభి. ఆరు.

"మీ గేటుకి అడ్డంగా పక్కింటాయన ఇసక పోయించాడండి."

"కుదరదు... పోనీ రెండ్రోజులేగా." నాలుగు.

"పెళ్ళి భోజనంలో మిమ్మల్ని దాటేసి గుత్తొంకాయ వడ్డించారండి."

"కుదరదు." పదకొండు. క్యూలో ఎవరో చప్పట్లు కొట్టారు.

అంకె తక్కువైతే సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూడడం పద్ధతి; అప్పుడు పెరిగితే లోపలి రింగులు అరిగాయని అర్థం. పట్టాభికి చెంచాడు నువ్వులనూనె తాగించారు. అంకె పెరగలేదు. "రింగులు బానే ఉన్నాయండి. వాల్వే తెరుచుకోటం లేదు" అన్నాడు సత్తిబాబు, జాలిగా.

ఇక నాలుగోది మిగిలింది. "మీ నాన్నగారి కారు ఇహ మీది కాదండి."

పట్టాభి గుండెలనిండా గాలి పీల్చాడు. మెడ నరాలు పొంగాయి. శేషారత్నం ఆయన భుజం గట్టిగా పట్టుకుంది. ఆవరణలో అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు.

"అలాగేనండీ" అన్నాడు.

సున్నా. ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శేషారత్నం గొట్టం లాక్కుని "కుదరదు!" అంది. ముల్లు నూట అరవై దాటి చివరి మేకుకు కొట్టుకుంది. సత్తిబాబు లేచి నిలబడ్డాడు. కానీ బండి పత్రాల్లో ఆమె పేరు లేదు కాబట్టి ఆ అంకె చెల్లదు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంటి పత్రాల్లో దేంట్లోనూ లేదు.

"బాధపడకండి. నాకు పంతొమ్మిదే వచ్చిందండి" అని సత్తిబాబు మెల్లగా చెప్పాడు. "మా ఆపీసు జీపుకి నూట పాతికండి. నా సెలవు చీటీ మంజూరవ్వాలంటే అదే హారను కొట్టాలి."

కొత్త యజమాని అయిన అంబాసిడర్ సమ్మతి కూడా హారనే. డ్రైవరు గడిలో పట్టాభి సంతకం చేసి, స్టీరింగ్ మధ్య గుండీ నొక్కాడు. ఆవరణ అదిరింది. గుమాస్తాలు ఉలిక్కిపడి లేచారు. పొద్దుటినుంచి దొరకని స్టాంపు దొరికింది. ఎవరో పరుగున వచ్చి గేటు తీశారు.

ఇంటికి వెళ్ళే దారిలో ఓ లారీ అడ్డం వచ్చింది. పట్టాభి హారన్ కొట్టాడు. ఆటోవాడి మీద కొట్టాడు, ఖాళీ చౌరస్తాలోనూ కొట్టాడు. చుట్టూ అందరూ కొడుతూనే ఉన్నారు. వాళ్ళలో చాలామంది అప్పుడే ఏదో ఒక ఆఫీసునుంచి బయటికి వచ్చినవాళ్ళు.

"ఇంక చాలు, ఆపండి" అంది శేషారత్నం.

"నేను కాదే, ఓనరు గారు మాట్లాడుతున్నారు" అన్నాడు పట్టాభి.