ఆరు తీగల ఇస్త్రీ బల్ల

ఆ ఆదివారం ఉదయం కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి వెళ్ళి గిటారు తెచ్చుకోవడం, పదకొండుకల్లా బాగుచేయడం, పన్నెండింటికి ఏమీ ఎరగనట్టు భోజనానికి కూర్చోవడం. వారమంతా తన కళ్ళజోళ్ళ షాపులో కూర్చుని చీమతలంత మరలు బిగించే చేతులకు గిటారు ఒక లెక్కా అని ఆయన ధీమా. ఆ ధీమాతోనే ఇప్పటికి ఏడు పాత ఎలక్ట్రిక్ గిటార్లు చవగ్గా కొని వెనక గదిలో పడేశాడు. వాటిలో కొన్ని మూలుగుతాయి, కొన్ని గీపెడతాయి, మిగిలినవి అసలు నోరే విప్పవు. ఇక వాయించడమంటారా, ఆయనకు వచ్చింది ఒకటిన్నర పాట. ఆ సగం కూడా ఆయన లెక్క ప్రకారమే.

చిక్కల్లా ఆ వెనక గదితోనే వచ్చింది. కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న అత్తగారు మర్నాడు వచ్చి నెల్లాళ్ళు అందులోనే ఉండబోతున్నారు. "గది ఖాళీ చెయ్యండి. కొత్తగా ఇంకొక్కటి గుమ్మం దాటి లోపలికొచ్చిందా, అన్నిటినీ కట్టగట్టి బయటికి పంపించేస్తా" అని ఆయన భార్య రెండుసార్లు చెప్పింది. ఆవిడ బళ్ళో టీచరు కాబట్టి ఏదైనా రెండుసార్లు చెప్పడం అలవాటు. ఆయన రెండుసార్లూ బుద్ధిగా తలూపాడు. తలూపుతూనే ఫోనులో ఆ ప్రకటన చూశాడు.

అమ్మేది ఒక ఫోటో స్టూడియో ఆయన. ఫోటోలకు వచ్చిన కుర్రకారు చేత పట్టించడానికి పాతసామాన్ల దుకాణంలో కొన్నాడట. ఫోటోల్లో బాగా పడాలని గిటారుకు నీలం రంగు కొట్టించి, దాంతో వచ్చిన యాంప్లిఫయరుకు, అదే శబ్దంపెట్టెకు, ఎర్రటి రెక్సిను అంటించాడు. కళ్ళజోళ్ళాయన ఆ నీలాన్ని చూడగానే మెత్తబడిపోయాడు. బేరం కూడా ఆడలేదు. ఎక్కడో చూసిన మనిషిని మళ్ళీ చూసినట్టు ఆత్మీయంగా అనిపించింది మరి.

రెంటినీ దుప్పట్లో చుట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంట్లోకి అడుగుపెట్టాడో లేదో, భార్య ఎదురుగా నిలబడి ఉంది.

"ఏమిటండీ అది?"

"ఇస్త్రీ బల్ల!" అన్నాడు. ఆ మాట ఎక్కణ్ణించి ఊడిపడిందో ఆయనకే తెలియదు.

భార్య మొహం విప్పారింది. పెళ్ళయిన దగ్గర్నుంచి మంచం మీద దుప్పటి పరిచి, నడుం వంచి ఇస్త్రీ చేస్తోంది పాపం. "నేనడిగింది గుర్తుందన్నమాట మీకు!" అంది. ఆయన దుప్పటి అంచు ఇంకాస్త లాగి కప్పాడు. "మరి ఈ పెట్టె?"

"అదా... ఇస్త్రీ పెట్టె."

"ఇంత పెద్దదా? ఏనుక్కేమైనా చొక్కాలు కుట్టించారా?"

"పాతకాలపుది. రెండూ కాస్త బాగుచెయ్యాలి. నువ్వు మాత్రం గదిలోకి రాకు, షాక్ కొడుతుంది" అని వెనక గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు.

గిటారు వెనక మూత తెరవబోతే మరలు తిరగలేదు. శబ్దంపెట్టె విప్పి చూస్తే కళ్ళు తిరిగాయి. తీగలను తీగలతో అతికించిన చోట సీసం ముద్దలు ముద్దలుగా కారి గడ్డకట్టింది. ప్లగ్గుకు వెళ్ళే వైరు తెగితే, ఎవడో మహానుభావుడు దానికి దెబ్బలకు అంటించే ప్లాస్టరు చుట్టి వదిలేశాడు. "ఏ తలకుమాసినవాడు చేశాడో! వీడికి చేతులా, రోకళ్ళా?" అని గొణుక్కుంటూ తనకు తెలిసిన రేడియో మెకానిక్కుకు ఫోను చేశాడు.

మెకానిక్ వచ్చాడు, చూశాడు, దాహమేసి మంచినీళ్ళకని వంటింటి వైపు వెళ్ళాడు. ఆయనకు సంగతి ముందే చెప్పి ఉంచాలని కళ్ళజోళ్ళాయనకు తట్టలేదు.

"ఎలా ఉందండీ మా బల్ల?" అని అడిగింది భార్య, గ్లాసు అందిస్తూ.

"మెడ వంగిందమ్మా. తీగలు ఆరూ మార్చాలి."

"ఇస్త్రీ బల్లకి మెడేమిటి?"

ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో రిపేర్లు చేస్తున్న మనిషి కాబట్టి, మొగుడూ పెళ్ళాల మధ్య ఏదో ఉందని మెకానిక్కుకు చప్పున అర్థమైంది. "కొత్త మోడలమ్మా" అన్నాడు.

"పాతకాలపుదన్నారే!"

మెకానిక్ నీళ్ళు సగంలో వదిలేసి గదిలోకి పరుగెత్తుకొచ్చాడు. "సార్, నా చేత ఇంకో అబద్ధం ఆడించకండి. త్వరగా కానిద్దాం." అయితే ప్లాస్టరు విప్పి కొత్త వైరు వేద్దామని ఆయన అంటూండగానే, "ఒక్కసారి మోగుతుందో లేదో చూద్దాం" అని కళ్ళజోళ్ళాయన ప్లగ్గు పెట్టి మీట నొక్కేశాడు.

ధడేల్మంది. పెట్టెలోంచి పొగ లేచింది. ఫ్యాను ఆగింది. ఇంట్లో కరెంటు పోవడం వరకైతే సర్దుకోవచ్చు. కానీ మూడు నెలల కిందట ఫ్యూజు మాటిమాటికీ పోతోందని విసుగొచ్చి, దానికి లావుపాటి తీగ చుట్టింది కూడా ఈయనే. దాంతో ఇంట్లో ఫ్యూజు ధీరంగా నిలబడింది. కింద మొత్తం భవనానికి ఉన్న మెయిన్ పోయింది.

మరుక్షణమే మెట్ల వైపు నుంచి ఒక కేక వినిపించింది. "ఓరి నాయనో! నా కళ్ళు పోయాయిరోయ్!"

భార్య ఉలిక్కిపడింది. "మా అమ్మ గొంతులా ఉంది!"

అత్తగారే. డాక్టరు వెళ్ళొచ్చన్నాడని ఒకరోజు ముందే బయల్దేరి, అందరినీ ఆశ్చర్యపరుద్దామని చెప్పకుండా వచ్చి లిఫ్టు ఎక్కారు. అది రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగి, లోపల చీకటైపోయింది.

కళ్ళజోళ్ళాయన మెట్లు దూకుతూ వెళ్ళి లిఫ్టు తలుపు సందులోంచి అరిచాడు. "అత్తయ్యగారూ, కంగారుపడకండి! కరెంటు పోయిందంతే!"

"నన్ను మభ్యపెట్టకు బాబూ. అప్పటిదాకా అంతా దీపం పెట్టినట్టు కనిపించింది, ఠక్కున ఆరిపోయింది. ఆ డాక్టరు నన్ను నట్టేట ముంచాడు."

"కళ్ళకేం కాలేదండీ, నా మాట నమ్మండి. నేను ఈ పనిలోనే ఉన్నాను కదా."

"అందుకే నమ్మకం కుదరట్లేదు" అన్నారు లోపల్నుంచి.

ఈలోగా భవనంలో ఉన్నవాళ్ళంతా మెట్ల మీదికి చేరారు. భవనం సంఘం సెక్రటరీ తువ్వాలు భుజాన వేసుకుని, సగం గడ్డం గీసుకున్న మొహంతో వచ్చి, పొగ ఎవరి గుమ్మంలోంచి వస్తోందో కనిపెట్టాడు. మెకానిక్ ఫ్యూజు పెట్టె తెరిచి, "ఎవరు చుట్టారండీ ఇంత లావు తీగ? దీని మీద బట్టలారేసుకోవచ్చు" అన్నాడు. జవాబు చెప్పవలసిన మనిషికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. తీగ మార్చి మెయిన్ వేశాక లిఫ్టు కదిలింది. అత్తగారు నల్ల కళ్ళద్దాలతో, చేతిసంచితో బయటికొచ్చి, కనిపించిన ప్రతి మొహాన్నీ తడిమి చూసి స్థిమితపడ్డారు.

భార్య నేరుగా వెనక గదిలోకి వెళ్ళి దుప్పటి లాగింది. నీలం గిటారు తళతళలాడింది.

"ఇదా బల్ల?" అంది మెల్లగా. అరిచినా ఆయన అంత భయపడేవాడు కాదు. ఆవిడ కళ్ళల్లో ఉదయం చూసిన వెలుగు లేదు. అబద్ధానికి సిగ్గుపడాల్సింది పోయి, ఆయన ఎవరి మీదికైనా తోసెయ్యాలని చూశాడు.

"తప్పు నాది కాదు! దీన్ని ఇంతకుముందు రిపేరు చేసినవాడిది! ఆ వైరు చూడండి, ఆ ప్లాస్టరు చూడండి! కాస్తయినా బుద్ధున్నవాడు చేసే పనేనా? ముసలావిడ ప్రాణాల మీదికి తెచ్చాడు. వాడు నాకు కనిపిస్తే మెడ పట్టుకుని ఈ జనం మధ్య నిలబెట్టి అడుగుతాను!" గుమ్మంలో నిలబడ్డవాళ్ళంతా తలలూపారు. సెక్రటరీ కూడా "దుర్మార్గుడు" అన్నాడు.

అప్పటికి మెకానిక్ ఎలాగో గిటారు వెనక మూత ఊడదీశాడు. లోపల తీగలు ఒకదానికొకటి తగలకుండా ఎవరో మందపాటి అట్టముక్క మడిచి పెట్టారు. తీసి విప్పాడు. పెద్ద అక్షరాలు, వాటి కింద చిన్నవి, ఇంకా చిన్నవి. కళ్ళు పరీక్షించే అట్ట. తిప్పి చూస్తే రబ్బరు ముద్ర.

"సార్, ఇది మీ షాపు ముద్రలా ఉందే" అన్నాడు మెకానిక్.

"సరిగ్గా కనిపించట్లేదు" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

అత్తగారు అందుకుని, నల్లద్దాలు పైకెత్తి, షాపు చిరునామాతో సహా 'ఆదివారం సెలవు' అన్నంతవరకు గడగడా చదివేశారు. "ఆపరేషన్ బ్రహ్మాండంగా కుదిరింది" అని తనలో తనే సంతోషించి, అప్పుడు అల్లుడి మొహం చూసి గొంతు తగ్గించారు. "పోయినసారి వచ్చినప్పుడు ఈ గదిలో ఒకటి కాళ్ళకడ్డం పడి తూలిపడబోయాను బాబూ. దాన్నీ, దాని పెట్టెనీ పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. అన్నిట్లో ఒకటి పోతే నీకు తెలుస్తుందేమోనని భయపడ్డాను."

"తెలియలేదు" అన్నాడు ఆయన నిజాయితీగా.

భార్య వెళ్ళి లెక్కపెట్టింది. పాతవి ఆరే ఉన్నాయి. గోకి చూస్తే నీలం కింద, పోయిన గిటారు ఎరుపు కనబడింది. ఏడాదిన్నర కిందట నాలుగు ఆదివారాలు కూర్చుని తన చేతులతో తనే బాగుచేసిన గిటారది. రోకళ్ళలాంటి ఆ చేతుల్ని ఆయన మెల్లగా వెనక్కి పెట్టుకున్నాడు. అది చూసి భార్య కోపం నిలుపుకోవాలని శాయశక్తులా ప్రయత్నించింది కానీ, కుదరక గోడకానుకుని కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. చివరికి ఆయనా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు?

మెకానిక్ అరగంటలో కాలిన వైరు తీసి కొత్తది వేసి, మెడ సరిచేసి, కొత్త తీగలు బిగించి ఇచ్చాడు. అత్తగారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. "ఇంత రాద్ధాంతం జరిగింది కదా, ఒక్కటి వాయించు బాబూ, విందాం."

వాయించమని ఆయన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. వచ్చిన ఒకే ఒక్క పాట మొదలుపెట్టాడు. ఎక్కడా మూలగడం లేదు, గీపెట్టడం లేదు, ప్రతి తప్పూ స్పష్టంగా, గట్టిగా, నాలుగంతస్తులకూ వినిపించింది. కళ్ళు మూసుకుని ఇంకా గట్టిగా అందుకున్నాడు.

పాట సగంలో ఉండగా మళ్ళీ కరెంటు పోయింది. ఈసారి కింద మెయిన్ స్విచ్ దగ్గర సెక్రటరీ నిలబడి, మిగిలిన సగం గడ్డం కూడా గీసుకున్న మొహాన్ని తాపీగా తుడుచుకుంటున్నాడు.