డ్రైవరు మెడకు తగిన దుర్భిణి

ఆ ఉదయం డ్రైవరు పెట్టుకున్న పని ఇంతే: పిల్లల్ని బడి దగ్గర దించేసి, వ్యాను కడిగి, నీడలో ఓ కునుకు తీయడం. వ్యాను కడగడం అయింది. కునుకు పట్టబోతుండగా సైన్సు టీచరు వచ్చి కిటికీ పక్కన నిలబడింది.

"డ్రైవరుగారూ, మీ మెడ ఎలా ఉంటుంది?"

"ఎలా ఉండడమేంటమ్మా, తలకాయ కింద ఉంటుంది."

"అది కాదండీ. ఏదైనా బరువు వేలాడితే ఓర్చుకుంటుందా? చేతులేమైనా వణుకుతాయా? చీకటి పడే వేళ చూపు ఆనుతుందా?"

అతను నోరు తెరిచేలోపే ఆమె సంచిలోంచి స్కేలు తీసి, అతని ముక్కు మీద అడ్డంగా పెట్టి, రెండు కళ్ళకూ మధ్య దూరం కొలుచుకుని వెళ్ళిపోయింది.

అసలు సంగతి వేరు. చెరువు మలుపు దగ్గర రోజూ వ్యాను నెమ్మది చేసి, పిల్లలకు లకుముకి పిట్టనూ నీటికాకినీ చూపించే డ్రైవరంటే బడిలో అందరికీ ఇష్టం. వచ్చే వారం పిల్లల్ని అడవికి తీసుకెళ్ళేది కూడా అతనే. బయల్దేరే రోజు అతని మెడలో ఒక దుర్భిణి వేయాలని హెడ్మాస్టరు తలపెట్టాడు. జంతువుల్నీ పిట్టల్నీ చూడడానికి వీలైన చిన్నది, తేలికైనది ఎంచే భారం సైన్సు టీచరు మీద పెట్టాడు. ముందుగా అతని చెవిన పడకూడదన్నది షరతు.

ఇవేవీ తెలియని డ్రైవరు మాత్రం గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మెడ తడుముకున్నాడు. ఆ మెడ కొన్నాళ్ళుగా పట్టేస్తున్న మాట నిజం.

ఇంట్లో భార్య అంతా విని, ఆరిన బట్టలు మడతపెడుతూ తేల్చేసింది. "మెడ, చేతులు, చూపు. డ్రైవరుకి ఇంకేం కావాలండీ? మిమ్మల్ని తీసేద్దామని చూస్తున్నారు."

"మరి స్కేలెందుకే?"

"ఉంచుకునేవాళ్ళకి కొలతలెందుకు? తీసేసేవాళ్ళకే కావాలి."

అంతే, మర్నాడు డ్రైవరు తన సత్తా చూపించే పనిలో పడ్డాడు. టీచరు గేటు దాటడం చూసి, షెడ్డులో పడున్న పాత టైరును దండలా మెడలో వేసుకుని ఆవరణంతా చుట్టొచ్చాడు.

"ఏంటండీ ఇది?"

"ఎన్నాళ్ళుగానో లోపలే పడుంది కదమ్మా. గాలి మార్పు కోసం తిప్పుతున్నా."

టీచరు ఆలోచనలో పడింది. అరచేతిలో ఇమిడే దుర్భిణి ఒకటి అప్పటికే ఎంచి, కొనేసింది కూడా. ఇంత మెడకు అంత చిన్నది వేస్తే చిన్నబుచ్చినట్టే కదా అనిపించింది.

మధ్యాహ్నం స్టాఫ్‌రూముకు టీ తెచ్చే పని డ్రైవరు లాక్కున్నాడు. అంచుల దాకా నింపిన గ్లాసుల పళ్ళేన్ని ఒంటి చేత్తో ఎత్తి పట్టుకుని మెట్లెక్కాడు. ఒక్క చుక్క తొణికితే ఒట్టు. దూరాన్ని బాగా దగ్గర చేసే దుర్భిణిలో చెయ్యి కాస్త కదిలినా బొమ్మ గంతులేస్తుంది. ఈ చేతికి ఆ భయం లేదని ఆమె మురిసిపోయింది.

ఇక మిగిలింది మసక వెలుతురు. సాయంత్రం అతను కళ్ళజోడు జేబులో దాచేసి, గేటు దగ్గర వంగి, "నమస్కారం హెడ్మాస్టరుగారూ, ఇంకా వెళ్ళలేదా?" అని ఎంతో వినయంగా పలకరించాడు. అక్కడున్నది మేకుకు తగిలించిన వాచ్‌మన్ రెయిన్‌కోటు. వెనకాలే వస్తున్న టీచరును చూసి గతుక్కుమన్నాడు.

"ఆయన లేనప్పుడు కూడా మర్యాద తప్పకూడదు కదమ్మా," అని సర్దుకున్నాడు.

పాపం, ఈయనకు వెలుతురు బాగా పట్టే పెద్ద అద్దాలే ఉండాలి అనుకుంది టీచరు.

అడవికి బయల్దేరే పొద్దున హెడ్మాస్టరు రెండు చేతులా ఒక పెట్టె మోసుకురావడం డ్రైవరు చూశాడు. వీడ్కోలు కానుకే అనుకున్నాడు. హెడ్మాస్టరు పెట్టె విప్పి, రెండు బిందెల్ని కలిపి కట్టినట్టున్న దుర్భిణిని అతని మెడలో వేశాడు.

"ఈ ఏడే కాదు, వచ్చే ఏడూ ఆ పై ఏడూ కూడా అడవిలో అన్నీ నువ్వే ముందు చూసి మాకు చూపించాలయ్యా."

ఉద్యోగం పోలేదని తెలిసి డ్రైవరు కళ్ళు చెమర్చాయి. మెడ వంగింది. వంగిన మెడ మళ్ళీ లేవలేదు. అది వినయమనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు.

టీచరు దగ్గరికొచ్చి, చేతిసంచిలోంచి బుల్లి దుర్భిణి ఒకటి తీసింది. "మొదట మీకని ఇదే కొన్నానండీ. మీకు ఆనదని నేనే ఉంచేసుకున్నా."

డ్రైవరు దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. పిచ్చుక వచ్చి వాలినట్టుంది. ఇక దాచుకోలేకపోయాడు.

"అమ్మా, మీకు పుణ్యముంటుంది, మార్చుకుందాం. ఆ టైరు మోశాక రెండు రోజులు తల పక్కకి తిప్పలేకపోయాను."

టీచరు పకపకా నవ్వింది. పెద్దదాన్ని వ్యాను కిటికీ దగ్గర కట్టి పిల్లలంతా వంతులవారీగా చూడొచ్చంటూ అతని మెడలోంచి తీసేసింది. ఇద్దరు కలిసి పట్టుకుంటే గానీ అది రాలేదు.

హెడ్మాస్టరు మాత్రం నవ్వలేదు. "ఆ రెండు రోజులూ వ్యాను ఎలా నడిపావయ్యా?"

డ్రైవరు బుల్లి దుర్భిణిని కళ్ళకు ఆనించుకుని, ఎదురుగా ఉన్న చెట్టును ఎంతో శ్రద్ధగా పరిశీలించసాగాడు. ఆ చెట్టు మీద పిట్టన్నది లేదు.