శత్రువుతో దోశె

తన కంఠంలో ప్రాణమున్నంతవరకు అధికార పక్షం నీడ కూడా తొక్కనని ప్రతిపక్ష పార్టీ బాగేపల్లి తాలూకా అధ్యక్షుడు రామాంజినప్ప బస్టాండు ముందు ప్రకటించారు. యాభై ఎనిమిదేళ్ళ రామాంజినప్ప పెళ్ళి చేసుకోలేదు. పార్టీనే పెళ్ళాడానని చెప్పేవారు. పార్టీ కూడా కాదనలేదు.

అధికార పక్షం తాలూకా అధ్యక్షుడు పాపన్న. భార్య పోయి చాలా కాలమైంది. రామాంజినప్ప ధర్నా చేస్తే ఎదురు ధర్నా చేయడం ఆయన బాధ్యత. పాపన్న దిష్టిబొమ్మను తగలబెట్టవలసి వచ్చినప్పుడు రామాంజినప్ప దానికి ఇస్త్రీ పంచె కట్టించి మరీ తగలబెట్టేవారు. మాసిన పంచె పాపన్నకు గిట్టదు. సిద్ధాంత విభేదాల్లో ఇంత శ్రద్ధ ఈ రోజుల్లో అరుదు.

నీళ్ళ సమస్య మీద ధర్నా జరిగిన రోజు ఎదుటి టెంటులో పాపన్న లేరు. రామాంజినప్ప మైకు పట్టుకుని "ఈ ప్రభుత్వం" అని ఆగిపోయారు. పాపన్నకు డెంగీ అనీ, చింతామణి ఆస్పత్రిలో ఉన్నారనీ ఎవరో చెప్పగానే ప్రజాసమస్యను అక్కడే వదిలి బస్సెక్కారు.

"ధర్నా ఎట్లయింది?" అన్నారు పాపన్న మంచం మీంచి.

"నువ్వు లేకుంటే ఎవర్ని తిట్టేదప్పా. ఇన్నేండ్లు నిన్ను తిట్టేదానికే పార్టీలో ఉండానేమో అనిపిస్తాండాది."

పాపన్న మంచం మీద కొంచెం జరిగి చోటిచ్చారు. "నేను ఎందుకుండాననుకున్నావు?"

రామాంజినప్పకు కాళ్ళు వణికాయి. షుగరనుకున్నారు. మంచం అంచున కూర్చుని పాపన్న చెయ్యి పట్టుకున్నాక షుగరు కాదని తేలింది.

జ్వరం తగ్గాక ఇద్దరూ చిక్కబళ్ళాపురం హోటల్లో ఒకే ప్లేటులో మసాలా దోశె తిన్నారు. ఎవరో ఫోటో తీశారు. రామాంజినప్ప పార్టీ మారుతున్నారని సాయంత్రానికల్లా జిల్లా అంతా తెలిసిపోయింది.

ప్రతిపక్ష జిల్లాధ్యక్షుడైన మాజీ మంత్రి ఆయన్ని విచారణకు పిలిపించారు.

"వాళ్ళు నీకేం పదవి ఇస్తామన్నారు?"

"ఏమీ లేదు సార్."

"మళ్ళ ఒకే ప్లేటు ఎందుకప్పా?"

నిజం చెబితే పదవి పోతుంది, ఊళ్ళో తలెత్తుకోలేరు. అబద్ధం రామాంజినప్పకు కొత్త కాదు. ఆ పూట ఎందుకో నోరు తిరగలేదు.

"ఆయనంటే నాకు ప్రేమ సార్. పెండ్లి చేసుకునే మాదిరి ప్రేమ."

మాజీ మంత్రి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అంతేనా?"

"అంతే సార్."

"పార్టీ మారడంల్యా కదా?"

"లేదు సార్."

"అది ముందే చెప్పల్ల గదప్పా. నా ప్రాణం పోయినంత పనైంది," అని ఆయన కాఫీ తెప్పించారు. నిష్ఠ అంటే ఇట్లుండాలని గదిలో ఉన్న కార్యకర్తలకు ఉపదేశించారు.

రామాంజినప్ప బయటికొచ్చి పాపన్నకు ఫోన్ చేశారు.

"ఏమన్నారు?"

"కాఫీ ఇచ్చిరి," అన్నారు రామాంజినప్ప.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. బాగేపల్లిలో అధికార పక్షం సభ పెట్టింది. పాపన్నను చూడటానికని రామాంజినప్ప వెనక వరుసలో కూర్చున్నారు. వేదిక మీద పాపన్న తమ పార్టీ కండువా కప్పింది సాక్షాత్తూ ఆ మాజీ మంత్రికే.

మాజీ మంత్రి కన్నీళ్ళు పెట్టుకున్నారు. "ఇన్నేండ్లు నేనెవరో నాకే తెలీదు. ఈ వయసులో నా మనసు యాడుండాదో తెల్సుకుంటి. ఎవరేమనుకున్నా ఇంక దాచుకోను."

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మాజీ మంత్రి పాపన్న చెవి దగ్గరికి వంగారు. మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది.

"ఆ రామాంజినప్పతో తిరగొద్దప్పా. ప్రతిపక్షమోడు. చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

పాపన్న తన మెడలోని కండువా కూడా తీసి ఆయనకే కప్పి, మెట్లు దిగి వెనక వరుస వైపు నడిచారు.

జనం దానికీ చప్పట్లు కొట్టారు.