కొక్కేనికి తగిలించిన ఖాకీ

ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజుకునేలోపే అష్ఫాక్ ఆ రోజు ఎలా గడవాలో నిర్ణయించేసుకున్నాడు. కమిషనర్ గారి చొక్కాలు రెండూ ఇస్త్రీ చెయ్యాలి, తేమ ఆరనివ్వాలి, మడతపెట్టి బంగళాకి పట్టుకెళ్ళాలి. ఆయన మధ్యాహ్నం బండి ఎక్కేలోపు ఎదురుగా నిలబడి ఒక్క మాట చెప్పాలి. ఏడాదిగా ఆ ఒక్క మాటా అతని గొంతు దాటి బయటికి రాలేదు.

భార్య వజీరా గోధుమ హల్వా పెట్టిన స్టీలు డబ్బా చేతికిస్తూ మళ్ళీ హెచ్చరించింది. "ఈసారైనా నోరు తెరవండి. పోయినసారి కూడా టేపు మెళ్ళో వేసుకుని, తలూపేసి వచ్చారు."

"చెప్తాలే."

"ఏం చెప్తారు?"

"థాంక్స్ అని."

"అంతేనా?"

"అది బయటికొస్తే చాలదూ?" అన్నాడు అష్ఫాక్ దీనంగా.

గవర్నర్‌పేటలో పోలీసు యూనిఫారాలు కుట్టే దుకాణం అతనిది. ఖాకీని కుట్టడంలో అతనికి సాటిలేదు గానీ, ఖాకీతో మాట్లాడటం మాత్రం చేతకాదు. పోయినేడు దుకాణంలో దొంగలు పడి, తండ్రి కాలంనాటి కుట్టుమిషను ఎత్తుకుపోయారు. దొంగ హనుమాన్ జంక్షన్‌లో మిషనుతో సహా దొరికాడు. దొరికాక అసలు కష్టం మొదలైంది. మిషను కేసులో సాక్ష్యమైపోయి స్టేషను వరండాలో కూర్చుంది. కేసు తేలేదాకా కదలదన్నారు. అష్ఫాక్ రోజూ వెళ్ళి దాన్ని దూరంనుంచి చూసి, ఒకసారి నిట్టూర్చి వచ్చేవాడు.

అప్పుడే కొత్త ప్యాంటు కొలతలకి వచ్చిన కమిషనర్ లక్ష్మీకాంత్ గారు, దర్జీ చేత్తో కుట్టుకోవడం చూసి సంగతి అడిగారు. అష్ఫాక్ నోరు పెగలకపోతే వజీరాయే చెప్పింది. ఆయన విని వెళ్ళిపోయారు. కోర్టులో ఏం చెప్పించారో, ఎవరిచేత చెప్పించారో గానీ, వారం తిరక్కుండా మిషను పోలీసు జీపెక్కి ఇంటికొచ్చింది. ఆనాటినుంచీ ఇంట్లో పొయ్యి వెలిగినప్పుడల్లా అష్ఫాక్‌కి ఆయనే గుర్తొస్తారు.

అలాంటి మనిషిని నిన్న ప్రభుత్వం ఉన్నపళంగా పదవినుంచి తీసేసింది. ఎందుకు తీసేశారో చెప్పలేదు. అందుచేత కారణం ఊరందరికీ తెలుసు.

తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసిన బట్టను వెంటనే మడవకూడదు, ఆవిరి లోపలే ఉండిపోతుంది. కాలవగాలి తగిలేట్టు వీధివాకిలి కొక్కేనికి తగిలించాలి. ఇది అష్ఫాక్ తండ్రి పెట్టిన పద్ధతి. ఆ ప్రకారమే అతను మూడు బట్టలు బయట తగిలించాడు. రెండు కమిషనర్ గారి తెల్ల బుష్‌షర్టులు. మూడోది వీధి చివరి లాడ్జి వాచ్‌మన్ సొలొమోను ఖాకీ కోటు. లాడ్జి యజమానికి దర్జా మీద మోజు. భుజాలకి నక్షత్రాలు, ఎర్రపట్టీలు, ఈలకి అల్లికతాడు, అన్నీ కావాలన్నాడు. అసలు పోలీసు అధికారి ఎవరికీ అన్ని నక్షత్రాలు ఉండవు.

అష్ఫాక్ లోపల డబ్బాకి గుడ్డ చుడుతుండగా పక్క టిఫిన్ హోటలు యజమాని వెంకటసుబ్బారావు గారు పేపరు పట్టుకుని వచ్చారు. ఆయన ఆ వార్డులో అధికారపక్షానికి పెద్దదిక్కు.

"ఏవోయ్ అష్ఫాక్! మా ప్రభుత్వం తీసేసిన మనిషి యూనిఫారం జెండాలాగా ఎగరేశావే? మమ్మల్ని వెక్కిరిస్తున్నావా?"

"అది ఆయనది కాదండీ..."

"ఇన్ని నక్షత్రాలు కమిషనర్‌కి కాక కండక్టర్‌కి ఉంటాయా? ముందు దాన్ని తియ్యి."

ఆ మాట ఇటుపక్క ఎస్టీడీ బూత్‌లో ఉన్న మాణిక్యం గారి చెవిన పడింది. ఆయన ప్రతిపక్షం. ఆయన ఫోను పెట్టేసి ఒక్క అంగలో వచ్చారు.

"ఎవరండీ తియ్యమనేది? దానిమీద చెయ్యి పడితే ఊరుకునేది లేదు. నిజాయితీగల అధికారి బట్టలవి!"

"నిజాయితీయా? పొగరు! మా ఎమ్మెల్యే కారు ఆపాడు."

"అదే నేను చెప్పేదీనూ! మీ ఎమ్మెల్యే కారు ఆపాడు!"

నిజానికి రెండేళ్ళ కిందట లక్ష్మీకాంత్ గారు ఈ ఊరు వచ్చినప్పుడు రైల్వే స్టేషన్లో దండ వేసింది వెంకటసుబ్బారావు గారు. నల్లజెండా చూపించింది మాణిక్యం గారు. ఆ సంగతి ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు.

"అయ్యా, అది లాడ్జి వాచ్‌మన్ సొలొమోనుదండీ," అన్నాడు అష్ఫాక్, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని.

మాణిక్యం గారు జాలిగా అతని భుజం తట్టారు. "చూశారా, ఎంత భయపెట్టేశారో! పాపం, నోటికొచ్చిన అబద్ధం చెబుతున్నాడు."

"భయపెట్టింది మీరు! మాకు నిజం చెప్పబోయి మీ మొహం చూసి మాట మార్చాడు," అన్నారు వెంకటసుబ్బారావు గారు.

ఆ తరవాత అష్ఫాక్‌ని ఎవరూ ఏమీ అడగలేదు. మాణిక్యం గారు బంతిపూల దండ తెప్పించి కోటుకి వేశారు. ఒక కార్యకర్త ఉత్సాహం పట్టలేక రెండు అగరొత్తులు వెలిగించి గడపలో గుచ్చాడు. దారినపోయే ఒక ముసలావిడ ఆగి, దణ్ణం పెట్టి, "పాపం, ఎప్పుడు పోయారు నాయనా?" అని కళ్ళొత్తుకుంది. ఈ మాట ఏలూరు రోడ్డు దాటేసరికి కమిషనర్ గారికి గుండెపోటు అయింది, బీసెంటు రోడ్డు చేరేసరికి అది ప్రభుత్వ హత్య అయింది.

జనం విరగబడ్డారు. ఎవరో షామియానా వేశారు, ఎవరో మైకు తెచ్చారు. మాణిక్యం గారి తరఫున దుకాణం ముందు రిలే నిరాహార దీక్ష మొదలైంది. దానికి జవాబుగా వెంకటసుబ్బారావు గారు హోటలు ముందు పెద్ద మూకుడు పెట్టించి, పీడ వదిలిందని ఊరందరికీ వేడివేడి గారెలు పంచడం మొదలుపెట్టారు. గాలి దీక్షాశిబిరం వైపే వీస్తోంది. నిరాహారులు ఒక్కొక్కరే మంచినీళ్ళు తాగొస్తామని హోటలు వెనక్కి వెళ్ళి, మూతి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంటున్నారు.

ఇంతలో పొద్దున ఏమీ తినకుండా బయల్దేరిన సొలొమోను కోటు కోసం వచ్చాడు. ఆరడుగుల మనిషి, గుబురు మీసాలు. లాడ్జిలో పెళ్ళివారు దిగుతున్నారు, యూనిఫారం లేకుండా గుమ్మంలో నిలబడితే ఉద్యోగం ఊడుతుందని యజమాని చెప్పాడు.

"నా కోటండీ, నన్ను పోనివ్వండి," అంటూ జనాన్ని తోసుకుని కొక్కెందాకా వచ్చాడు.

"విన్నారా! 'నా కోటు' అంటున్నాడు! ప్రజలు దాన్ని సొంతం చేసుకున్నారు!" అని మైకులో పొంగిపోయారు మాణిక్యం గారు. సొలొమోను మెళ్ళో దండపడింది. నలుగురు పట్టుకుని అతన్ని దీక్షాపరుల మధ్య ముందువరసలో కూర్చోబెట్టారు.

"భాయ్, ఏందిది?" అన్నాడు సొలొమోను, గుమ్మంలో నిలబడ్డ అష్ఫాక్‌ని చూసి, ఏడుపు మొహంతో. "నా ఉద్యోగం పోద్ది భాయ్."

అష్ఫాక్ మాత్రం ఏం చేస్తాడు? బందోబస్తుకి వచ్చిన కానిస్టేబుళ్ళలో ఒకాయన అలవాటుకొద్దీ కోటుకి సెల్యూట్ కొట్టి, ఫొటోవాళ్ళు చూశారేమోనని చెయ్యి తలకి రాసుకున్నాడు. ఆ కోటు తీస్తే వీళ్ళు కొడతారు, ఉంచితే వాళ్ళు కొడతారు. పక్కన తెల్లచొక్కాల మీద ఎవరి దృష్టీ లేదు. ఒక కార్యకర్త గారె తిన్న చెయ్యి వాటిలో ఒకదానికి తుడవబోతే, అష్ఫాక్ ఒక్క ఉదుటున దూకి రెండూ లాక్కుని గుండెకి హత్తుకుని లోపలికి పరిగెత్తాడు. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఎండ నెత్తికెక్కుతోంది. బండి వేళ దగ్గరపడుతోంది. ముందు ద్వారం జనంతో మూసుకుపోయింది. వెనక ద్వారానికి అడ్డంగా షామియానా వాళ్ళు గుంజల బండి పెట్టారు. డబ్బాలో హల్వా చల్లారిపోయింది. ఈసారి నోరు తెరవడానికి అష్ఫాక్ నిజంగా సిద్ధపడ్డాడు, తీరా వినాల్సిన మనిషి రైలెక్కి వెళ్ళిపోతున్నాడు. ఇస్త్రీబల్ల దగ్గర నిలబడి చొక్కాలు మడతపెడుతుంటే అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఏవోయ్, చొక్కాలయ్యాయా?"

తలెత్తి చూశాడు. గళ్ళలుంగీ, చేతుల బనీను, భుజాన తుండు, చంకలో గుడ్డసంచీ. ఒక చేతిలో అధికారపక్షం వారి గారెల పొట్లం. బనీనుకి ప్రతిపక్షం వారి నల్లబ్యాడ్జీ. లక్ష్మీకాంత్ గారు.

"సార్! మీరు... ఇంతమందిలోంచి... ఎలా?"

"నడిచొచ్చాను. యూనిఫారం లేకపోతే ఎవరూ గుర్తుపట్టరని ఇవాళే తెలిసింది. అటుపక్కాయన గారెలిచ్చి 'ఆ కమిషనర్ పీడ వదిలింది, తినండి' అన్నాడు. తిన్నాను, బాగున్నాయి. ఇటుపక్కాయన బ్యాడ్జీ గుచ్చి, 'కమిషనర్ గారు మీకు తెలుసా?' అని అడిగాడు. కొద్దిగా తెలుసన్నాను. అయితే ఫొటోకి అడ్డం లేవమన్నాడు."

"మీరు రావడమేంటి సార్, నేనే బంగళాకి..."

"బంగళా పొద్దున్నే ఖాళీ చేశాను. తొడుక్కోడానికి నీ దగ్గరున్న చొక్కాలే మిగిలాయి."

పది రోజుల కిందట ఆయన మామూలు చొక్కాలకి కొలతలివ్వడానికి వచ్చినప్పుడు అష్ఫాక్ ఆశ్చర్యపోయాడు. ఇప్పుడు అర్థమైంది.

"మీకు ముందే తెలుసా సార్?"

"అనుకున్నాను," అన్నారాయన, చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకుంటూ. "ఇరవై ఏళ్ళ తరవాత ఇలా ఓ వీధిలో ఒంటరిగా నడిచానోయ్. అటుపక్కాయనకీ ఇటుపక్కాయనకీ రుణపడి ఉన్నాను, ఈ మాట బయట అనకు."

బయట మైకు కొత్త నినాదం ఎత్తుకుంది. అష్ఫాక్ హల్వా డబ్బా చేతిలో పెట్టాడు. వజీరా మొహం గుర్తొచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని మొదలుపెట్టాడు.

"సార్, ఆ మిషను మా నాన్నది. అది పోయినప్పుడు మా ఇంట్లో ఆయన మళ్ళీ చనిపోయినట్టయింది. మీరు తెప్పించారు. ఏడాదిగా రోజూ మీ పేరు చెప్పుకునే తింటున్నాం. మీకెప్పుడూ చెప్పలేదు. నాకు నోరు రాదు సార్. థాంక్స్ సార్. చాలా థాంక్స్ సార్."

కళ్ళు తెరిచేసరికి లక్ష్మీకాంత్ గారు ఇస్త్రీబల్లకి ఆనుకుని హల్వా తింటున్నారు. ఆయన కళ్ళు కూడా చెమర్చి ఉన్నాయి.

"నేనే నీకు చెప్పాలి," అన్నారు. "ఈ ఊళ్ళో నేను ఎవరికి ఎదురుపడినా వాళ్ళు వణికేవాళ్ళు, లేకపోతే వంగేవాళ్ళు. నన్ను గోడ దగ్గర నిలబెట్టి 'చేతులు పైకెత్తండి' అన్నవాడివి నువ్వొక్కడివే."

"కొలతలకండీ," అన్నాడు అష్ఫాక్ కంగారుగా.

"తెలుసులే," అని ఆయన నవ్వి, డబ్బా సంచీలో వేసుకుని, అష్ఫాక్ భుజంమీద చెయ్యివేసి ఒక్క క్షణం నిలబడ్డారు. తరవాత వచ్చిన దారినే జనంలో కలిసిపోయారు. మాణిక్యం గారు ఆయనకి దారి వదలమని తనవాళ్ళని కసిరారు. వెంకటసుబ్బారావు గారు ఇంకో గారెల పొట్లం ఇచ్చారు. కమిషనర్ గారు ఇద్దరికీ నమస్కారం పెట్టి, రిక్షా ఎక్కి స్టేషనుకి వెళ్ళిపోయారు.

అష్ఫాక్‌కి ఒళ్ళంతా తేలికైంది. ఇంక ఎవరేమన్నా భయంలేదనిపించింది. నేరుగా బయటికి వచ్చి కోటుకున్న దండ తీశాడు, అగరొత్తులు ఆర్పాడు, కోటు తీసుకెళ్ళి సొలొమోనుకి తొడిగి గుండీలు పెట్టాడు. జనమంతా నోళ్ళు తెరుచుకుని చూస్తుండిపోయారు. కోటు అతనికి అతికినట్టు సరిపోయింది. జేబుమీద లాడ్జి పేరు ఎర్రదారంతో మెరుస్తోంది. మొదట దాన్ని ఎవరూ చదవలేదు, తరవాత అది దండ చాటునే ఉండిపోయింది.

సొలొమోను ఎవరి మొహమూ చూడకుండా నాలుగు గారెలు చేతిలోకి తీసుకుని, పరుగున వీధి చివరకి పోయి, లాడ్జి తలుపు తీసి, పెళ్ళివారికి సెల్యూట్ కొట్టాడు. మైకు దానంతటదే ఆగిపోయింది.

వెంకటసుబ్బారావు గారూ మాణిక్యం గారూ మొట్టమొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు. షామియానా విప్పేలోపు రెండు పక్షాలూ ఏకగ్రీవంగా ఒక నిర్ణయానికి వచ్చాయి. తప్పంతా బట్టలు వీధిలో ఆరేసిన దర్జీదే. ఆ మాట ఇద్దరూ కలిసివచ్చి అతని మొహానే చెప్పారు.

"థాంక్స్ అండీ," అన్నాడు అష్ఫాక్. అలవాటైన నోరు ఇంక ఆగలేదు.