మాదిరి గర్భిణి లింగస్వామి

దేశం యుద్ధంలో ఉన్నప్పుడు గర్భిణులు కూడా సర్వసన్నద్ధంగా ఉండాలని పైవాళ్లు నిర్ణయించారు. సరిహద్దు మాకు చాలా దూరం. అయితే సర్క్యులర్‌కు దూరంతో పనిలేదు, అది మెయిల్లో వస్తుంది.

సూర్యాపేటకూ కోదాడకూ నడుమ ఉన్న మా మాతా శిశు సంక్షేమ కేంద్రం (ఊరి పేరు రాస్తే నర్సు సుధకు మెమో వస్తుంది, అందుకే రాయను) బుధవారం పదకొండు గంటలకు శత్రుదాడికి గురికావాలని అందులో ఉంది. బుధవారం పిల్లలకు టీకాలు వేసే రోజు. కాబట్టి టీకాలు వాయిదా వేశారు. ఈ సంగతి తట్టుకూ కోరింత దగ్గుకూ ఎవరైనా తెలియజేశారో లేదో!

దాడిని పర్యవేక్షించడానికి వెంకటేశ్వర్లు గారు వచ్చారు. ఆయనది కోదాడ. మొన్నటిదాకా దోమల నివారణ చూసేవారు, ఇప్పుడు యుద్ధ సన్నద్ధతాధికారి (అదనపు బాధ్యతలు). కేంద్రానికి సైరన్ లేదు గనుక పక్కనున్న రైస్ మిల్లు సైరన్ మోగించారు. అది వినగానే మిల్లు హమాలీలు అన్నం డబ్బాలు విప్పారు.

నిబంధన ఏడు ప్రకారం ఒక మాదిరి గర్భిణిని అంబులెన్సులో సూర్యాపేట చేర్చాలి. అసలు గర్భిణులను ఇబ్బంది పెట్టరాదని నిబంధన ఎనిమిది. అందుచేత అటెండర్ లింగస్వామి పొట్టకు దిండు కట్టి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. యాభై రెండేళ్ల మనిషి, గుబురు మీసాలు.

సరిగ్గా అప్పుడే తండా నుంచి గౌరీబాయి తన కోడలు జ్యోతిని ఆటోలో తీసుకొచ్చింది. నెలలు నిండాయి, ఉమ్మనీరు పోయింది. సుధ చూసి, బిడ్డ అడ్డం తిరిగిందనీ, ఆపరేషన్‌కు వెంటనే సూర్యాపేట పోవాలనీ చెప్పింది.

"అంబులెన్సు గీడనే ఉన్నది గద సార్, జర పంపుండ్రి," అంది గౌరీబాయి.

"ఉందమ్మా, కానీ అది యుద్ధంలో ఉంది," అన్నారు వెంకటేశ్వర్లు గారు ఎంతో మర్యాదగా. "పదకొండూ పదికి పేషెంటుతో బయల్దేరాలి."

"పేషెంటేడి సార్? గాయన లింగస్వామి!"

లింగస్వామి లేచి కూర్చున్నాడు. "నేను దిగుత సార్. గా పిల్లను పండబెట్టుండ్రి. నాకు నొప్పులు లెవ్వు."

"డ్రిల్లు మధ్యలో గర్భిణి దిగకూడదు. పడుకో!"

పోనీ ఇద్దరినీ ఎక్కిద్దామని సుధ బతిమాలింది. యాప్‌లో పెట్టాల్సిన ఫొటోలో ఇద్దరు పడితే లెక్క తప్పుతుందన్నారాయన. బీపీ మాత్రల లైన్లో ఉన్న నాకు ఒళ్లు మండిపోయింది. గట్టిగా అడిగేద్దామనుకున్నాను (నా ముందు ఇద్దరే మిగిలారు, జాగా పోతుందని ఊరుకున్నాను).

అంబులెన్సు పద్దెనిమిది నిమిషాల్లో సూర్యాపేట చేరింది. డ్రిల్లు పూర్తయినట్టు చూపాలంటే ప్రసవం కూడా చూపాలి కాబట్టి, లింగస్వామికి మూడు కిలోల ఆడపిల్ల పుట్టినట్టు యాప్‌లో ఎక్కించారు. తల్లి పేరు దగ్గర మగవాళ్ల పేరు తీసుకోలేదు. ఆ రోజు కేంద్రానికొచ్చిన ఒకే ఒక్క గర్భిణి పేరు యాప్ తానే వేసుకుంది.

వెనక బయల్దేరిన ఆటో చివ్వెంల దగ్గర రోడ్డు పక్కన ఆగిపోయింది. జ్యోతి బతికింది. బిడ్డ ఏడవలేదు.

ఐదో రోజు గౌరీబాయి ఒక్కతే కేంద్రానికొచ్చింది. "పాపను తూకానికి తీస్కరమ్మని దినాం ఫోన్లొస్తున్నయ్ సార్. ఫోన్ మోగినప్పుడల్లా నా కోడలు ఏడుస్తంది. పిల్ల లేదని జర రాసుకోండ్రి."

డ్రిల్లు లెక్కలు చూసుకోవడానికి వచ్చిన వెంకటేశ్వర్లు గారు కంప్యూటర్ తెర ఓపిగ్గా ఆమె వైపు తిప్పారు.

"లేకపోవడమేంటమ్మా? ఇదిగో చూడండి. మూడు కిలోలు. తల్లీబిడ్డా క్షేమం."